మాయమైన 'సరే'

సోమవారం పొద్దున పది గంటల నలభై నిమిషాలు. ఆర్మూర్‌లో వందమందికి పైగా రైతులు ఒకే మాట అన్నారు. ఆ మాట ఎవరికీ చేరలేదు.

ఆ మాట 'సరే'.

సిద్ధులగుట్ట పసుపు రైతుల సంఘం నడిపే వేలం యాప్‌లో అదే చివరి బటన్. రైతు తన పసుపు ఫొటో పెడతాడు. సాంగ్లీలోనో ఈరోడ్‌లోనో కూర్చున్న వ్యాపారి ధర చెప్తాడు. పదకొండు లోపు రైతు 'సరే' నొక్కితే పసుపు అమ్ముడుపోయినట్టు. నొక్కకపోతే బేరం లేనట్టు.

నొక్కారు. వేళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కారు. పదకొండు కొట్టింది. వ్యాపారుల తెరల మీద 'రైతు ఒప్పుకోలేదు' అని పడింది. వాళ్లు చేతులు దులుపుకుని వేరే మార్కెట్ల మీద పడ్డారు.

పదకొండున్నరకల్లా మామిడిపల్లి చౌరస్తాలోని సంఘం ఆఫీసు ముందు కాలు పెట్టే సందు లేదు. ఒక కిటికీ అద్దం అప్పటికే పోయింది.

పన్నెండుకు ఎస్సై త్రివేణి జీపు దిగింది.

"చైర్మన్ సాబ్ ఫిర్యాదు ఇచ్చిండు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ భూమేశ్వర్. "పేరు గూడ రాసిండు."

త్రివేణి ఆ పేరు చదివింది.

సౌమ్య.

ఛాతీలో ఏదో చల్లగా కదిలింది. అది సంతోషమే. కాకపోతే పోలీసులకు కలగాల్సిన సంతోషం కాదు.

త్రివేణి, సౌమ్య ఇద్దరూ ఆర్మూర్ పిల్లలే. ఒకే బడి, ఒకే బెంచీ, నిజామాబాద్‌లో ఒకే ఇంజినీరింగ్ కాలేజీ. సౌమ్య ఫస్టు, త్రివేణి సెకండు. ఏ పరీక్ష పెట్టినా అంతే. త్రివేణి కంప్యూటర్ వదిలేసి ఖాకీ వేసుకుందంటే అందులో సగం కారణం, అక్కడైనా సౌమ్య ఉండదని. మూడు నెలల క్రితం ఆ సౌమ్య హైదరాబాద్ కంపెనీ మానేసి ఊరికొచ్చి సంఘంలో చేరింది. అప్పటినుంచి ఇంట్లో రోజూ అదే భజన. "సౌమ్యను జూడు, రైతుల కోసం ఎంత మంచి పని జేస్తుందో," అంటుంది తల్లి ముత్తెమ్మ, అన్నం వడ్డిస్తూ. దొంగలను పట్టే కూతురు ఎదురుగా కూర్చుని తింటుంటే ఈమెకు కనపడదా? త్రివేణికి ఆ ముద్ద గొంతు దిగేది కాదు.

ఆఫీసులో ముగ్గురున్నారు.

ఒకరు చైర్మన్ భీమ్‌రావు. అరవై దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు, మొహమంతా చెమట. రెండోవాడు గజేందర్. నిరుడు ఈ యాప్‌ను మొదట తయారు చేసింది అతనే. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో టీ కప్పుల ట్రే. మూడో మనిషి మూలన కుర్చీలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడ్చినట్టుంది. ఏడ్చినా చూడముచ్చటగానే ఉంది. అది కూడా త్రివేణికి కంటగింపే.

"ఎవ్వరూ కంప్యూటర్ ముట్టొద్దు. లాగిన్లన్నీ బంద్," అంది త్రివేణి, సౌమ్య వైపే చూస్తూ. ఆ జాగ్రత్త అవసరమే. గొంతులో పలికిన సంబరం మాత్రం అనవసరం.

"త్రివేణీ, ఒక్క నిమిషం గేటు రూల్స్ చూడనియ్యి. ఏమైందో చెప్పేస్త."

"మేడం అనాలె," అన్నాడు భూమేశ్వర్ కసురుగా.

సౌమ్య తల దించుకుంది. "సారీ మేడం."

ఈ నోట ఆ మాట వినాలని త్రివేణి ఎన్నేళ్లు కలలు కన్నదో. తీరా విన్నాక ఉప్పులేని పప్పులా ఉంది.

"ఏ రూల్సూ చూడొద్దు. కూర్చో. నిన్న ఏం చేసినవ్?"

"కొత్త గేటు పెట్టిన మేడం. ఇంగ్రెస్ అంటరు."

"అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పు."

సౌమ్య మాటలు వెతుక్కుంది. "నిరుడు యాప్ అంతా ఒకటే సర్వర్ మీద నడిచేది. జనం ఎక్కువైతే పడిపోయేది. ఇప్పుడు దాన్ని చిన్నచిన్న డబ్బాలు చేసిన. కంటైనర్లు. తూకం ఒక డబ్బా, ధరలు ఒక డబ్బా, 'సరే' ఒక డబ్బా. నిరుటి పాత పేజీ గూడ ఇంకో డబ్బాల ఉంది. ఒకటి పడిపోతే దాని జాగల ఇంకోటి లేస్తది. అన్నింటి ముందర ఒక్కటే గేటు. ఫోన్ల నుంచి వచ్చినదాన్ని చూసి, ఏ డబ్బాకు పోవాల్నో అటు తోలుతది."

"నిరుడు గేటు లేకుండెనా?"

"ఉండె. కానీ అది పై అడ్రసే చూసేది. ఇది లోపల గూడ చూస్తది. మన యార్డు గేటు కాడ మనిషి సంచి మూతి విప్పి చూస్తడు సూడున్రి, కొమ్ము అయితే ఇటు, గోల అయితే అటు అని. గట్ల."

భీమ్‌రావు తలూపాడు. కొమ్ము అంటే పొడుగు పసుపు, గోల అంటే గుండ్రటి గడ్డ. అది ఇక్కడ పుట్టిన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

త్రివేణికి కూడా అర్థమైంది. ఇంత సులువుగా చెప్పిందే అని ఒళ్లు మండింది.

"చివరి మార్పు నీ పేరు మీదనే ఉన్నదట. నిన్న సాయంత్రం ఆరు పదికి."

సౌమ్య తలెత్తింది. "ఎవరు చెప్పిన్రు?"

"పొద్దున నేనే చూసిన మేడం," అన్నాడు గజేందర్ మెల్లగా. "చైర్మన్ సాబ్‌కు చూపిచ్చిన."

"నేను ఐదు గంటలకే పని ముగించిన," అంది సౌమ్య. "ఆరుకు ఇక్కడ లేను. అంకాపూర్ పోయిన. అందరికీ దేశీ కోడి కూర తెస్తనని."

"ల్యాప్‌టాప్?"

"టేబుల్ మీద."

"లాక్ చేసినవా?"

సౌమ్య ల్యాప్‌టాప్ వైపు చూసింది.

"చేసినవా లేదా?"

"లేదు."

త్రివేణి లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. సౌమ్య తప్పు చేయగా చూడటం ఆమెకు ఇదే మొదలు.

"అప్పుడు ఆఫీసుల ఎవరున్నరు?"

"చైర్మన్ సాబ్. గజేందర్ అన్న."

భీమ్‌రావు కంగారుగా తువ్వాలు సర్దుకున్నాడు. "నేనా? నేను వరండల కూసున్న. ఫోన్ ఎత్తుడు, పెట్టుడు తప్ప నాకేమొస్తది బిడ్డా?"

"పొద్దున మీ ఫోన్‌ల యాప్ ఎట్లుండె?"

"మంచిగనే ఉండె. అందుకే పదకొండు దాక నాకీ లొల్లే తెల్వదు. మా మనుమడు ఏందో పెట్టిచ్చిండు, బొమ్మలు చూసి నొక్కుత."

"మీరు నిన్న ఎంతసేపు ఉన్నరు?" గజేందర్ వైపు తిరిగింది.

"ఆరున్నర దాక మేడం. నా బల్ల కాడ నా పని చేసుకుంట. మళ్ల కూర తినెతందుకు వచ్చిన." టీ కప్పు ఆమె ముందు పెట్టాడు. "పొద్దున రైతులకు వచ్చినట్టే నా ఫోన్‌ల సుత పాత పేజీనే వచ్చింది. పావు తక్కువ పదకొండు అయితుండె. పెర్కిట్‌ల ఇంటి కాడనే ఉన్న. తెరిస్తే నిరుటి లెక్కనే 'మండ' అని ఉంది. పరేషాన్ అయిపోయిన."

"మండ ఏంది?"

"గోలనే మేడం. పుస్తకాలల్ల మండ అంటరు. నిరుడు తెలుగు పేజీ మొత్తం నేనే రాసిన, ఒక్కొక్క మాట. సౌమ్య వచ్చినంక దాన్ని తీసేసి గోల అని పెట్టింది. రైతులు గట్లనే అంటరట." చిన్నగా నవ్వాడు. "ఇప్పుడు యాప్ తెరిస్తే చాలు, అంతా గోలనే."

త్రివేణికి నవ్వొచ్చింది. ఈ మనిషి బాగానే ఉన్నాడనిపించింది.

"తెలివి గలది మేడం, కాదంటలేను," అన్నాడు గజేందర్, గొంతు తగ్గించి. "కానీ సూడున్రి, మనం ఏండ్లకేండ్లు చేసినా ఎవనికి కనబడది. ఆమె వచ్చి చిటికేస్తే ఊరంతా చప్పట్లు. నిరుడు గజేందర్ యాప్ అన్నరు. ఇప్పుడు సౌమ్య యాప్ అంటున్నరు."

త్రివేణి తల దానంతటదే ఊగింది. నిండు మనసుతో ఊగింది. తన కడుపులోని మాట పక్కవాడి నోట వినడంలో ఎంత హాయి ఉందో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

అప్పుడే తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. మెండోర నుంచి వచ్చిన భీమవ్వ. కొంగుకు కట్టిన ముడి విప్పి ఫోన్ తీసి త్రివేణి చేతిలో పెట్టింది.

"నేను సరే అన్న బిడ్డా! నా గోలకు ఇంత ధర ఎన్నడు రాలే. నొక్కిన, నొక్కిన. ఒప్పుకోలేదని రాసిండ్రంట! నేను ఒప్పుకోకుండ ఉంటనా? యాడాది కష్టం బిడ్డా, ఉడకేసి, ఎండేసి..."

"అవ్వా, జర నిమ్మలం," అంది త్రివేణి. ఫోన్‌ను గజేందర్‌కు అందించింది. "ఏం కనబడ్తుందో చూడున్రి."

అతను అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చేశాడు. "ఈ తెలుగు ఫోన్లు నాకు చేతకావు మేడం. ఏది ఏడుంటదో దొరకనే దొరకది. నాదంతా మొదటి సంది ఇంగ్లీషే."

త్రివేణే తెరిచింది. నిజమే, పాత పేజీ. 'మండ' అని ఉంది. తన ఫోన్‌లో తెరిస్తే కొత్త పేజీ చక్కగా వచ్చింది. సిగ్నల్ తేడా కావచ్చు అనుకుంది. నిజానికి అంతకంటే ఎక్కువ అనుకునే ఓపిక ఆమెకు లేదు. దొంగ దొరికింది కదా.

పక్క గదిలోకి వెళ్లి ఎఫ్ఐఆర్ రాయడానికి కూర్చుంది.

నిందితురాలి పేరు. సౌ...

పెన్ను ఆగింది.

ఇంకు అయిపోలేదు. చెవిలో గజేందర్ మాటలు ఇంకా మోగుతున్నాయి. ఆమె వచ్చి చిటికేస్తే ఊరంతా చప్పట్లు. ఈ మాట ఎక్కడో విన్నది. ఎక్కడ?

ఇంట్లో. నిన్న రాత్రి భోజనాల దగ్గర. అన్నది తానే.

త్రివేణి పెన్ను కింద పెట్టింది. నిన్న రాత్రి ఆ మాట అంటున్నప్పుడు తన మనసులో ఏముందో ఆమెకు బాగా తెలుసు. సౌమ్య కాలు జారి పడాలి, నలుగురూ చూడాలి, అంతే. ఆ మాటే ఇంకొకడి నోట వచ్చినప్పుడు అతని మనసులో ఏముందో అడగకుండా తలూపింది. ఎస్సై అయి ఉండి.

"భూమన్నా, ఎఫ్ఐఆర్ జర ఆగనియ్యి," అంటూ ఆమె బయటికి నడిచింది.

ఆఫీసు వెనక సంఘం కల్లం. టార్పాలిన్ల మీద ఎండబోసిన పసుపు, పక్కన పాలిష్ పట్టే డ్రమ్ము చప్పుడు, చెప్పుల నుంచి చెవుల దాకా పసుప్పచ్చటి దుమ్ము. రైతులు, వాళ్లతో పాటు భీమవ్వ, త్రివేణి చుట్టూ మూగారు.

"పాత పేజీ ఎవరికొచ్చింది?"

చాలా చేతులు లేచాయి.

"కొత్తది?"

కొన్ని లేచాయి. బాల్కొండ రైతు భూమేష్ ముందుకొచ్చాడు. నిరుడే దుబాయి నుంచి వచ్చి పసుపు పెట్టినవాడు. "నాది మంచిగనే పోయింది మేడం. సరే నొక్కిన, అమ్ముడుపోయింది. గిప్పుడు నన్ను చూస్తే అందరికీ కండ్లమంట."

"ఏ సిమ్ము?"

చెప్పాడు. భీమవ్వదీ అదే.

"ఫోన్?"

చూపించాడు. భీమవ్వదీ అదే. అదే కంపెనీ, అదే రంగు.

త్రివేణి రెండు ఫోన్లూ రెండు అరచేతుల్లో పెట్టుకుని నిలబడింది. రెండింటిలోనూ సిగ్నల్ నిండుగా ఉంది. రెండింటిలోనూ యాప్ ఒకటే. మరి ఒకటి పాత దారి పట్టింది, ఒకటి కొత్త దారి పట్టింది. ఎందుకు?

తెరలు ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది. రెండూ వెలిగాయి.

భూమేష్ ఫోన్ మీద 'మండే' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

భీమవ్వ ఫోన్ మీద 'సోమవారం' అని ఉంది.

త్రివేణి రెండు ఫోన్లూ పక్కన పెట్టింది. తన ఫోన్ తీసి సెట్టింగుల్లోకి పోయింది. భాష. తెలుగు. యాప్ తెరిచింది.

'మండ'.

మళ్లీ ఇంగ్లీషు పెట్టింది. కొత్త పేజీ. మళ్లీ తెలుగు. పాత పేజీ.

గేటు సంచి మూతి విప్పి చూస్తోంది. తెలుగు ఫోన్లను ఏరి ఏరి పాత డబ్బాకు తోలుతోంది. గేటు తనకు తానుగా అలా చేయదు. ఎవరో చెప్పారు దానికి.

ఆ రూల్ సౌమ్యే పెట్టి ఉండొచ్చు కదా అని కడుపులో మంట ఆశగా అడిగింది. పేరు ఆమెదే కదా. ల్యాప్‌టాప్ ఆమెదే కదా. త్రివేణి ఆ మంటను కాసేపు మాట్లాడనిచ్చింది. తర్వాత ఇందాక ఆఫీసులో విన్న రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆ రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఆ రెండూ ఒకేసారి నిజం కావు.

అంటే సౌమ్య తప్పు లేదు.

ఆ సంగతి తెలిసి ఆమెకు మొదట కలిగింది నిరాశ. ఎవరికైనా చెప్పుకుంటే సిగ్గు పోతుంది. ఎంతకీ కింద పడదేం ఈ పిల్ల?

నాలుగు గంటలకు అందరినీ ఆఫీసు హాల్లో కూర్చోబెట్టింది. కిటికీల్లో రైతుల తలకాయలు. సౌమ్య గోడను ఆనుకుని నిలబడింది, అరెస్టుకు సిద్ధపడ్డ మనిషిలా.

"గజేందర్ గారూ, జర ఒక్కసారి మళ్ల చెప్పున్రి. పొద్దున పాత పేజీ ఎవరి ఫోన్‌ల చూసిన్రు?"

"నా ఫోన్‌లనే మేడం."

"ఇంట్ల ఇంకెవరైనా ఉన్నరా?"

"లేరు. ఒక్కన్నే."

"ఇంకొకరి ఫోన్ ఏమన్న చూసిన్రా, వాట్సాప్‌ల ఫొటో గిట్ట?"

"లేదు మేడం. నా కండ్లతోని, నా ఫోన్‌ల."

"మండ అని ఉండె?"

"మండ అనే ఉండె."

"ఫోన్ తీసి యాప్ తెరువున్రి."

తెరిచాడు. కొత్త పేజీ. అతను తెరను ఇంకోసారి నొక్కి చూశాడు. "ఇప్పుడు బాగయినట్టుంది."

"ఎవరు బాగు చేసిన్రు? పన్నెండు నుంచి ఈ ఆఫీసుల ఎవ్వరూ కంప్యూటర్ ముట్టలేదు. అవ్వా, నీ ఫోన్ ఇటియ్యి."

భీమవ్వ ఫోన్‌లో ఇంకా 'మండ' అనే ఉంది. త్రివేణి దాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. భాష మార్చింది. యాప్ తెరిచింది. కొత్త పేజీ వచ్చింది. మళ్లీ తెలుగు చేసింది. పాత పేజీ. కిటికీల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి.

"ప్రతి ఫోన్ యాప్ తెరిచేటప్పుడు తన భాష ఏందో గేటుకు చెప్తది. సౌమ్యా, అవునా?"

సౌమ్య కళ్లు పెద్దవయ్యాయి. "అవును మేడం. లోపల రాసి ఉంటది. కానీ నేను భాషను చూసే రూల్ పెట్టనే లేదు! పది ఫోన్లతోని చెక్ చేసిన..." ఆమె నుదురు కొట్టుకుంది. "అన్నీ ఇంగ్లీష్ ఫోన్లే."

"పెట్టినోనికి తెలుసు గది. చైర్మన్ సాబ్ ఫోన్ ఇంగ్లీషే. ఆఫీసుల అందరివీ ఇంగ్లీషే. ఇక్కడ ఎవ్వరికీ తేడా కనబడది. తెలుగు చదువుకునే రైతులే పాత పేజీకి పోతరు."

"రూల్ ఆమె పేరు మీదనే ఉంది మేడం," అన్నాడు గజేందర్. చొక్కా ఇస్త్రీ ఇంకా చెదరలేదు, గొంతు మాత్రం చెదిరింది.

"పేరు ఆమెదే. ల్యాప్‌టాప్ తెరిచి వదిలేసి పోయింది, అది ఆమె తప్పు. నేను అడిగేది మీ ఫోన్ గురించి. మొదటి సంది ఇంగ్లీషే అన్నరు గద? ఇదే రూమ్‌ల, నా ముందరనే అన్నరు. ఇంగ్లీష్ ఫోన్‌కు పాత పేజీ రానే రాదు. ఒకవేళ వచ్చినా దాన్ల గోలకు 'బల్బ్' అని ఇంగ్లీష్‌ల ఉంటది. మరి మీ ఒక్కరికి 'మండ' ఎట్ల కనబడ్డది?"

గజేందర్ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"తెల్లారితే ఏ పేజీ వస్తదో, దాన్ల ఏ మాట ఉంటదో ముందే తెలిసినోనికి కనబడ్తది," అంది త్రివేణి. "నేను గూడ మునిగిన అంటే మీ దిక్కు ఎవరూ చూడరనుకున్నరు. ఆ ఒక్క మాట అనకపోతే నేను ఇప్పటికి సౌమ్య మీద కేసు రాసి పోయేదాన్ని."

గజేందర్ అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"ఎవ్వరి పసుపు ఆగాలని కాదు మేడం," అన్నాడు చివరికి. "నా తల్లి మీద ఒట్టు. పాత డబ్బా ఇంకా నడుస్తనే ఉండె. సరే నొక్కితే పోతదనే అనుకున్న. పొద్దుగాల రైతులు తెరిచి చూసి, అరె, గజేందర్‌ది మళ్లొచ్చింది, గిదే మంచిగుండె అంటరనుకున్న. గంతే. ఒక్కరోజు అంటే చాలనుకున్న."

"అన్నా," అంది సౌమ్య. ఆమె గొంతులో కోపం లేదు. అదే గజేందర్‌ను ఎక్కువ కాల్చి ఉంటుంది. "పాత డబ్బాల 'సరే' పాత సర్వర్‌కు పోతది. శనివారమే దాన్ని తీసేసిన."

"నాకెవరు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన. మీటింగ్‌ల. నేను మాట్లాడ్తుంటే నువ్వు ఎప్పుడన్న విన్నవా అన్నా?"

గజేందర్ లేచి నిలబడ్డాడు. భూమేశ్వర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. పోతూ పోతూ అతను ఒకసారి భీమవ్వ చేతిలోని ఫోన్ వైపు చూశాడు. తాను ఒక్కొక్క అక్షరం ఏరి రాసుకున్న తెలుగు పేజీ అది.

సౌమ్యకు లాగిన్ తిరిగి ఇచ్చారు. ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది, రూల్ వెతికింది, నాలుగు లైన్లు తుడిచేసింది. భీమవ్వ ఫోన్‌లో పేజీ మారింది. 'గోల' వచ్చింది. భీమ్‌రావు సాంగ్లీకి, ఈరోడ్‌కు ఫోన్లు చేశాడు. ఎస్సై మేడం కూడా మాట్లాడింది. రైతులు కాదనలేదని తెలిశాక, రేపు పొద్దున అదే ధరకు మళ్లీ తెరుస్తామని వ్యాపారులు ఒప్పుకున్నారు.

హాలు ఈలలతో దద్దరిల్లింది. భీమవ్వ సౌమ్య బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది. "ఎవరి కడుపున పుట్టినవో గని, బంగారు తల్లివే నువ్వు!"

తర్వాత త్రివేణి వైపు తిరిగింది. "నువ్వు గూడ సల్లగుండు బిడ్డా."

నువ్వు గూడ! త్రివేణి టోపీ తీసుకుని జీపు దగ్గరికి నడిచింది. రోజంతా ఎండలో తిరిగి దొంగను పట్టింది తాను. దిష్టి తీసింది ఆమెకు.

వెనకాలే పరుగున సౌమ్య వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు.

"త్రివేణీ. ఫోన్ సంగతి సరే. కానీ గజేందర్ అన్న మీద అనుమానం ఎట్లొచ్చింది? నన్ను కుర్చీల కూసోబెట్టినప్పుడు నీ మొహం చూసిన. కేసు రాసేస్తవనే అనుకున్న."

త్రివేణి జీపు ఎక్కి స్టీరింగ్ పట్టుకుంది. అబద్ధం చెప్దామనుకుంది. చాలా మంచి అబద్ధాలు నోటిదాకా వచ్చాయి.

"నీ గురించి మా అమ్మతోని నేను ఇంట్ల ఎట్ల మాట్లాడ్తనో," అంది ముందుకే చూస్తూ, "గజేందర్ అచ్చం గట్లనే మాట్లాడిండు."

సౌమ్య నోరు తెరిచింది. మూసింది. ఏమనాలో తెలియని సౌమ్యను త్రివేణి ఈ జన్మలో మొదటిసారి చూసింది. ఆ దృశ్యం చాలా బాగుంది.

ఫోన్ మోగింది. త్రివేణి భాష తిరిగి మార్చడం మరచిపోయింది. తెర మీద అమ్మ పేరు పైన 'కాల్ వస్తోంది' అని తెలుగులో వెలిగింది.

"ఏమే, సౌమ్య మీద కేసు పెడ్తున్నరంట?" ముత్తెమ్మ గొంతు జీపు బయటికి కూడా వినిపిస్తోంది.

"లేదమ్మా. తేలిపోయింది. ఆమె తప్పేం లేదు."

"నాకు తెల్వదా? గా పిల్ల బంగారం. ఎవరో పోలీసాయన మస్తు తెలివిగ దొంగను పట్టిండంట గద. వాట్సాప్‌ల వచ్చింది. తెలుగు ఫోను, ఇంగ్లీషు ఫోను అని ఏందో కనిపెట్టిండంట."

త్రివేణి జీపు అద్దంలో తన ముఖం చూసుకుంది. ముక్కు మీద పసుపు దుమ్ము.

"అవునమ్మా. ఎవరో."

"గట్లాంటోళ్లను చూసి నేర్సుకోవాలె నువ్వు."

కడుపులో మళ్లీ భగ్గుమంది. ఈసారి ఎవరి మీద మండాలో కూడా తెలియలేదు. జీపు పక్కన నిలబడి అంతా విన్న సౌమ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆమెను చూసేసరికి త్రివేణికి కూడా నవ్వు ఆగలేదు.

"ఏందే నవ్వుతున్నవ్? ఇంటున్నవా? పాపం, గా పిల్ల పొద్దటి నుంచి ఏం తిన్నదో ఏమో. ఇంటికి తోల్కరా. నాలుగు మెతుకులు తింటది."

మళ్లీ ఆ అన్నం. మళ్లీ ఆ పొగడ్తలు. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ.

త్రివేణి వంగి పక్క సీటు మీది లాఠీ తీసి వెనక్కి పడేసింది.

"సరే," అంది.